గాలమును చేపనోరును

మన చింతలపూడి చెరువులలో గాలము వేయు బాలురు పలువురు బొచ్చె దొరకలేదని విచారింతురు. ఎర మంచిదే, వ్రేలాడదీసిన లోతు తప్పు. చేప యెచ్చట మేయునో దాని నోరే తెలుపును. బొచ్చె నోరు పైకి తిరిగియుండును. అది పైనీటిలో మేయును. శీలావతి నడినీటను, ఎర్రమోసు అడుగునను మేయును. కావున బొచ్చెకు జీలుగుబెండును గాలమునకు దగ్గరగాను, ఎర్రమోసుకు ఎర నేల తాకునంత ఎడముగాను కట్టవలెను.

ఎరకు గోధుమపిండిలో వేయించిన తవుడు కలిపి, గట్టిగా పిసికి, గాలపు మొన కప్పవలెను. వానపామునకు జెల్లలు, కొరమీనులు తగులును. ఆ కూర రుచిని నేను కాదనను. ముందుగా తవుడును తెలగపిండియు ముద్దలు చేసి అచ్చటనే విసరి, అరగంట సద్దుచేయక కూర్చుండవలెను. బెండు కదలినంతనే గుంజరాదు. మునిగినప్పుడో, ప్రక్కకు సాగినప్పుడో గుంజవలెను. పెద్దచేపకు దారము వదలుచు, లాగుచు అలయజేయవలెను. ఒడ్డున దారముతో ఎత్తినచో తెగును. వలబుట్ట క్రిందినుండి పెట్టవలెను.

ఈ చేపలు నిలువనీట సాధారణముగా గ్రుడ్లు పెట్టవు. వానకాలపు వరదయేటిని కోరును. 1957లో ఒడిశాయందు హీరాలాల్ చౌధురి పీయూషగ్రంథి సారమును సూదితో ఎక్కించి గ్రుడ్లు పెట్టించిన పిమ్మటనే చెరువులకు పిల్లలను పెంచి యిచ్చుట సులభమైనది. కనుక వానకాలమున ఏటిలో నిండుపొట్ట చేప తగిలినచో, తడిచేతులతో గాలము తీసి విడువుడు. చెరువును మత్స్యకారుల సంఘము పాటకు తీసికొనియున్నచో వారి నడిగియే దిగుడు.