రంగు మీద రంగు పడితే

జెద్దాలో బలద్ బట్టల బజారుకి వెళ్ళే మనవాళ్ళకి ఒక అలవాటుంది. చీరకి జాకెట్టు గుడ్డ ట్యూబులైటు కింద సరిపోయినా, గుమ్మం బయట ఎండలో ఇంకోసారి చూస్తారు. ఆ జాగ్రత్త మంచిదే. నేను అచ్చు పనిలో ఉన్నవాణ్ణి కనుక, కాగితం మీద రంగుని ముందుగా ఎలా లెక్కకడతామో చెబుతాను.

ఇక్కడికొచ్చే మన పెద్దవాళ్ళలో కొందరికి అరబ్బీ, ఇంగ్లీషు రావు. "నారింజ పెట్టెలో మాత్ర పొద్దున, ఎర్ర పెట్టెలోది రాత్రి" అని రంగుతో గుర్తుపెట్టుకుంటారు. ఆ నారింజ కాస్తా ఎరుపుకి తిరిగితే ప్రమాదం కదా! అందుకే ప్లేటు చెయ్యకముందే రంగు తెలియాలి.

మామూలు నాలుగు రంగుల అచ్చులో నారింజ సిరా వేరే ఉండదు. పసుపు, మెజెంటా సన్నటి చుక్కలుగా పడతాయి. రెండూ చెరిసగం కప్పితే, సుమారుగా పావు భాగం ఖాళీ కాగితం, పావు పసుపు, పావు మెజెంటా, మిగతా పావులో రెండూ కలిసి ఎరుపు. ఈ పాళ్ళ లెక్క 1924లో డెమిషెల్ చెప్పినది. ఆ పాళ్ళతో సగటు తీస్తే రంగు వస్తుందని 1937లో నాయిగెబాయర్ చూపించాడు. నాలుగు సిరాలకైతే ఇలాంటి కలయికలు 16.

ఒక్కో కలయికనీ అచ్చువేసి స్పెక్ట్రోఫోటోమీటరుతో కొలుస్తాం. 400 నుంచి 700 నానోమీటర్ల దాకా పదేసి చొప్పున 31 అంకెలు వస్తాయి. ఉదాహరణకి 550 దగ్గర కాగితం 80 శాతం, పసుపు 76, మెజెంటా 6, ఎరుపు 6 శాతం వెలుగుని తిప్పి పంపాయనుకుందాం. సగటు 42. కానీ అచ్చయ్యాక కొలిస్తే అంతకన్నా తక్కువే వస్తుంది. ఎందుకంటే వెలుగు కాగితంలోకి దిగి, పక్కకి పాకి, పక్క చుక్క కిందనుంచి బయటికొస్తుంది. దీనికి 1951లో యూల్, నీల్సన్ ఒక సవరణ చెప్పారు. కాగితాన్నిబట్టి, ఉదాహరణకి, వర్గమూలాల సగటు తీసి వర్గం చేస్తే 42 కాస్తా 32 అవుతుంది. ఒత్తిడికి చుక్క పరుచుకోవడం కూడా విడిగా కలుపుకోవాలి.

31 అంకెలూ చేతిలో ఉంటే ఎండలో ఎలా కనిపిస్తుందో, ట్యూబులైటు కింద ఎలా కనిపిస్తుందో రెండూ లెక్కకట్టవచ్చు. మూడే అంకెలతో రంగుని చెబితే ఈ వీలుండదు.

లెక్క ఎంత బాగున్నా, కాగితం మారితే కొలతలు మళ్ళీ మొదటికొస్తాయి. కాబట్టి మీ ఇంట్లో పెద్దవాళ్ళ మందుల పెట్టెల మీద "పొద్దున", "రాత్రి" అని పెద్ద తెలుగక్షరాలతో రాసిపెట్టండి. సెలవు.