ప్రమాదం అంటే ఏమరుపాటు: ఎండలో నిలిపిన కారు, లోపలి పసిబిడ్డ

సూర్యభగవానుడు భరణీ నక్షత్రం మూడవ పాదంలో ప్రవేశించిన నాటి నుండి డొల్లు కర్తరి అని, కృత్తికలో అడుగిడిన నాటి నుండి నిజకర్తరి అని మన పంచాంగాలు చెబుతాయి. రోహిణి మొదటి పాదం ముగిసే వరకు, అంటే ఇంచుమించు మే నెల 4 నుండి 28 వరకు, గృహనిర్మాణం తలపెట్టరాదని, నూతులు తవ్వరాదని, చెట్లు నరకరాదని పెద్దలు విధించారు. మండుటెండలో మనుష్యులను శ్రమపెట్టరాదన్న వివేకం ఆ నిషేధాల వెనుక కనిపిస్తున్నది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న సామెత, కడప నాపరాళ్ళ మీద మిట్టమధ్యాహ్నం చెప్పులు లేక నిలబడిన వానికి అతిశయోక్తి అనిపించదు.

ఆ పూర్వులు ఎరుగని ఒక వస్తువు నేడు మన వాకిళ్ళలోను, ఆలయాల ముంగిళ్ళలోను ఎండలో నిలిచి ఉంటున్నది. అది అద్దాలు మూసిన కారు. దానిలో చిక్కుకొనే పసిబిడ్డలను గూర్చి ఈ నెల భక్తమహాశయులకు కొన్ని మాటలు మనవి చేయదలచాను.

2025వ సంవత్సరం మే 18వ తేదీ, ఆదివారం. విజయనగరం సమీపంలోని ద్వారపూడి గ్రామంలో ఆడుకుంటున్న నలుగురు పిల్లలు, ఊరిలో నిలిపి ఉన్న ఒక కారులోకి ఎక్కారు. తలుపులు మూసుకుపోయినాయి, తిరిగి తెరుచుకోలేదు. పెద్దలు వెదకి వెదకి కారు దగ్గరకు చేరేసరికి నలుగురూ అసువులు బాసి ఉన్నారు. అంతకు నెల రోజుల ముందే, ఏప్రిల్ 14న, తెలంగాణలో చేవెళ్ల మండలం దామరగిద్ద గ్రామంలో ఇద్దరు చిన్నారి బాలికలు ఇదే విధంగా కారులో చిక్కుకొని మరణించారు. మొదట చెప్పినది నిజకర్తరిలో జరిగింది. రెండవది జరిగిన నాటికి కర్తరి ప్రవేశించనే లేదు. కనుక ఇది ఆ ఇరవై నాలుగు దినాల భయం మాత్రమే కాదని గ్రహించాలి.

అమెరికా దేశంలో ఇటువంటి మరణాలకు 1998 నుండి లెక్క ఉన్నది. అక్కడ సగటున ఏటా 37 మంది వరకు పిల్లలు వేడెక్కిన కార్లలో మరణిస్తున్నారు. వీరిలో సగానికి పైగా పెద్దలు మరచిపోయిన బిడ్డలు. సుమారు నాలుగవ వంతు తామే కారు ఎక్కి చిక్కుకొన్నవారు. మిగిలిన వారిలో అధికులు, ‘ఇప్పుడే వస్తాము’ అని తెలిసి వదలబడినవారు. మరచుట, తామే ఎక్కుట, తెలిసి వదలుట అనే ఈ మూడు ద్వారాలనూ మూయడమే మన పని.

ముందుగా వేడి సంగతి చూద్దాము. సూర్యకిరణాలు అద్దం గుండా సులభంగా లోపలికి పోతాయి. అవి సీట్లను, ముందరి నల్లని పలకను వేడెక్కిస్తాయి. ఆ వస్తువులు తిరిగి విడిచే వేడిని అద్దం బయటకు పోనీయదు. వేడెక్కిన గాలి తప్పించుకొనే దారి కూడా మూసి ఉంటుంది. 2005లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశోధనలో, కారు లోపలి వేడి ఒక గంటలో సగటున 22 డిగ్రీల సెల్సియస్ పెరిగిందని, ఆ పెరుగుదలలో 80 శాతం మొదటి అరగంటలోనే జరిగిందని తేలింది. కిటికీ అద్దాలను ఒకటిన్నర అంగుళం దించి ఉంచినా చెప్పుకోదగిన భేదం కనిపించలేదు. కర్నూలులో గాని, కడపలో గాని మే మాసంలో 42 డిగ్రీలు మనకు కొత్త కాదు. దానికి ఆ 22 కలిపి చూచుకొనండి.

‘వేపచెట్టు నీడన నిలిపినాము కదా’ అని కొందరంటారు. నీడ స్థిరం కాదు. సూర్యుని గమనంతో అదీ జరుగుతుంది. పైగా మన సీమవలె పొడి ఎండలు మండే అరిజోనాలో 2018లో వెలువడిన ఒక పరిశోధన ఈ విషయాన్నే పరీక్షించింది. గంటసేపు ఎండలో ఉన్న కార్లలో గాలి సుమారు 47 డిగ్రీలకు, ముందరి పలక 69 డిగ్రీలకు చేరాయి. నీడలోని కార్లలో గాలి 38 డిగ్రీల వరకు పెరిగింది. రెండేళ్ళ బిడ్డ శరీరం ప్రాణాపాయ స్థితికి చేరడానికి ఎండలోని కారులో సుమారు ఒక గంట, నీడలోని కారులో రెండు గంటల లోపే చాలునని ఆ పరిశోధకులు లెక్కగట్టారు. నీడ మృత్యువును కొంత ఆలస్యం చేస్తుందే గాని ఆపదు.

ఇక బిడ్డ శరీరం. పెద్దవారి దేహంకంటే పసివారి దేహం మూడు నుండి ఐదు రెట్లు వేగంగా వేడెక్కుతుందని వైద్యులు చెబుతున్నారు. లోపలి వేడి 40 డిగ్రీలు దాటితే వడదెబ్బ. 42కు చేరువైతే అవయవాలు ఒక్కొక్కటిగా పని మానుతాయి. బిడ్డ తలుపు తీసుకొని రాలేడు. గుక్కపట్టి ఏడ్చినా, మూసిన అద్దాలు ఆ ఏడుపును వీధిలోకి రానీయవు.

‘కన్నబిడ్డను ఎవరైనా మరుస్తారా?’ అని చదువరులు అడగవచ్చు. ఇటువంటి వార్త వచ్చినప్పుడల్లా తల్లిదండ్రులను నిందించే నోళ్ళే అధికం. కాని మన తర్కశాస్త్రం ఈ విషయంలో లోతుగా ఆలోచించింది. స్మృతి సంస్కారం వలన పుడుతుంది. సంస్కారం ఉన్నంత మాత్రాన స్మృతి కలుగదు. దానిని మేల్కొలిపే ఉద్బోధకం ఒకటి కావాలి. న్యాయసూత్రాల మూడవ అధ్యాయంలో గౌతమ మహర్షి అటువంటి నిమిత్తాల పట్టికనే ఇచ్చాడు. అభ్యాసం అందులో ఒకటి, లింగం, అనగా గుర్తు, మరొకటి. ప్రతిదినం ఇంటి నుండి నేరుగా కార్యాలయానికి పోయే తండ్రికి అభ్యాసబలం చేత చేతులు తామే కారు నడుపుతాయి. ఒకనాడు బిడ్డను మార్గమధ్యంలో అమ్మమ్మగారింట దింపవలసి వచ్చిందనుకొనండి. బిడ్డ వెనుక సీటులో నిద్రిస్తున్నాడు; ధ్వని లేదు, గుర్తు లేదు. ఉద్బోధకం లేని చోట అభ్యాసమే గెలుస్తుంది. అమెరికాలో ఈ మరపును పరిశోధించిన డేవిడ్ డైమండ్ అనే శాస్త్రవేత్త కూడా, అలవాటుకు సంబంధించిన జ్ఞాపకం, చేయవలసిన కొత్త పనిని గూర్చిన జ్ఞాపకాన్ని అణచివేస్తుందని వివరించాడు. ఇది ప్రేమలేమి కాదు. ఎంతటి ప్రేమ ఉన్నవారికైనా జరగగలదు. ‘మాకు జరగదు’ అన్న ధీమా ఉన్న ఇంటికే గుర్తు మరింత అవసరం.

కనుక గుర్తును మనమే ఏర్పరచుకోవాలి. బిడ్డతో బయలుదేరిన నాడు, మీ చేతిసంచి గాని, సెల్‌ఫోను గాని, ఎడమకాలి చెప్పు గాని వెనుక సీటులో బిడ్డ ప్రక్కన ఉంచండి. అది లేక మీరు దిగి నాలుగడుగులు వేయలేరు. దిగిన ప్రతిసారీ, బిడ్డ ఉన్నా లేకున్నా, వెనుక తలుపు తెరిచి చూచి మూయండి. అప్పుడు అభ్యాసమే మీకు రక్ష అవుతుంది. బడికో, బంధువుల ఇంటికో బిడ్డ చేరవలసిన వేళకు చేరకపోతే వెంటనే ఫోను చేయవలసిందని అక్కడివారికి చెప్పి ఉంచండి.

తామే ఎక్కే పిల్లల విషయంలో కారు ఆటవస్తువు కాదని చిన్ననాటనే నేర్పాలి. ఇంటి ముందర నిలిపినా తాళం వేయాలి, డిక్కీ మూయాలి, తాళంచెవి పిల్లలకు అందని ఎత్తులో ఉంచాలి. అనేక కార్లలో వెనుక తలుపులకు పిల్లల కోసం ఒక లాకు ఉంటుంది; అది వేసి ఉంటే లోపలి నుండి ఆ తలుపు తెరుచుకోదు. ముందరి సీటులోకి వచ్చి తలుపు తీయడం, ఆగకుండా హారన్ మ్రోగించడం పిల్లలకు చేయించి చూపండి. పెండ్లిండ్లలో, తిరునాళ్ళలో పిల్లవాడు కనిపించకపోతే ముందుగా నీటితొట్టిని, బావిని, ఆ వెంటనే అక్కడున్న ప్రతి కారును, డిక్కీతో సహా వెదకండి. నిమిషాలు విలువైనవి.

మూడవది తెలిసి వదలుట. ఆలయాల వద్ద నేను తరచుగా చూచేది ఇదే. నిరుడు చైత్రమాసంలో ఒక క్షేత్రంలో, వాహనాలు నిలిపే చోట ఒక యువ దంపతులు నిద్రిస్తున్న బిడ్డను సీటులో పడుకోబెట్టి దర్శనానికి బయలుదేరుతున్నారు. నేను ఆగి అడిగితే ఆ తల్లి, ‘పిల్లోడు ఇప్పుడే నిద్దరపోయినాడు స్వామీ, లేపితే ఏడుస్తాడు. ఏసీ వేసే ఉంచినాము, పది నిమిషాల్లో వచ్చేస్తాము’ అన్నది. ‘అమ్మా, లోపల వరుస ఎంతసేపు పడుతుందో నీవు చెప్పగలవా? ఇంజను ఆగితే ఏసీ ఆగుతుంది. వాడు ఏడిస్తే ఏడవనీ, ఎత్తుకొని పోమ్మా’ అన్నాను. ఆమె భర్త మారు మాటాడక బిడ్డను భుజాన వేసుకొన్నాడు. వరుసలో వాడు ఏడ్చే ఉంటాడు; ఆలయంలో పసిబిడ్డ ఏడుపు ఎవరికీ అపచారం కాదు. తిరుమలలో ఏడాది లోపు బిడ్డలతో వచ్చే తల్లిదండ్రులకు ప్రత్యేక ప్రవేశం ఉన్నది. ఇతర క్షేత్రాలలోను చంకలో బిడ్డ ఉన్నదని సిబ్బందికి చెప్పి అడగడానికి సంకోచించకండి. లేదా ఒకరు బయట నీడలో బిడ్డతో ఉండి, మరొకరు వచ్చిన తరువాత దర్శనానికి పోవచ్చు.

మూసిన కారులో ఒంటరి బిడ్డ కనిపిస్తే ‘మనకెందుకు’ అని సాగిపోరాదు. ప్రక్కనున్న వారిని పిలవండి. ఒకరు కారు వారిని వెదకాలి, మైకులో బండి సంఖ్య చెప్పించాలి, ఒకరు 112కు గాని 108కి గాని ఫోను చేయాలి. బిడ్డ వాడిపోయి, స్పందించక ఉంటే యజమాని కోసం వేచి ఉండరాదు. బిడ్డకు దూరంగా ఉన్న ప్రక్క కిటికీ అద్దాన్ని మూలలో రాతితో కొట్టి పగులగొట్టండి. ముందరి పెద్ద అద్దం సులభంగా పగలదు. ఆపద్ధర్మంలో అద్దం విలువ లెక్కలోనిది కాదు. బిడ్డను నీడకు చేర్చి, బట్టలు విప్పి, ఒళ్ళంతా చల్లని నీటితో తడుపుతూ విసరండి. స్పృహ లేని బిడ్డ నోటిలో నీరు పోయకండి. 108 వాహనం వచ్చే వరకు తడపడం ఆపకండి.

తెలుగులో ప్రమాదమంటే ఆపద అని వాడుతున్నాము. సంస్కృతంలో ఆ మాటకు మొదటి అర్థం ఏమరుపాటు. చదువు ముగించి ఇంటికి మరలే శిష్యునికి తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో ఆచార్యుడు చేసే ఉపదేశంలో ఏమరవద్దన్న హెచ్చరిక మరల మరల వస్తుంది. భారతం ఉద్యోగపర్వంలో సనత్సుజాతుడు ధృతరాష్ట్రునికి బోధించినదీ, మృత్యువు వేరే ఎక్కడో లేదు, ఏమరుపాటులోనే ఉన్నదని. ఆయన చెప్పినది ఆత్మవిషయంలో. అయినా బిడ్డ విషయంలో ఆ మాటను ఉన్నదున్నట్లుగానే తీసుకోవచ్చు.

ఇటువంటి మరణం జరిగిన ఇంట ‘విధి’ అని ఓదార్చడం లోకసహజం. శోకంలో ఉన్నవారికి ఆ మాట అవసరమే. కాని ఇంకా ఏమీ జరగని ఇంట విధిని తలచి ఊరుకోవడానికి శాస్త్రం అంగీకరించదు. ఒక్క చక్రంతో రథం కదలనట్లే పురుషప్రయత్నం లేక దైవం ఫలించదని యాజ్ఞవల్క్యస్మృతి చెబుతున్నది. బండికి వెనుక తలుపు ఉన్నది, దానిని తెరిచి చూచే చేయి మనది.

ఈ పత్రిక చదివినవారు తమ ఇంటి పిల్లల తల్లిదండ్రులకు, బాడుగ కారు నడిపే డ్రైవర్లకు దీనిని వినిపించవలసిందిగా ప్రార్థన. ఆలయాల వద్ద వాహనాలు నిలిపించే సేవకులు గంటకొకసారి వరుసల వెంట నడచి, ప్రతి కారు అద్దంలోకి తొంగిచూస్తే అది కూడా స్వామి సేవయే.