ఒకే కుండ అన్నం, ఒకరికే షుగరు

తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు రెండు పూటలా వరి అన్నమే. బాపట్లలో తయారైన సాంబ మసూరి 1986లో విడుదలైంది. ఇప్పుడు ఇంటింటా ఉడుకుతుంది.

ఒకే కుండలో అన్నం తింటారు తోడికోడళ్ళు. సన్నగా ఉండే చిన్నకోడలికి షుగరు వచ్చింది. లావుగా ఉండే పెద్దకోడలికి రాలేదు. మిఠాయిలు తిన్నావని అత్త దెప్పింది. మిఠాయి ఒక్కటే కారణం కాదు.

అన్నం కడుపులో చక్కెరగా మారి నెత్తురులో చేరుతుంది. దాన్ని ఒంటికి పట్టించేది ఇన్సులిన్. అది ఎంత ఊరుతుంది, ఎలా పనిచేస్తుంది అనేది కొంతవరకు తల్లిదండ్రుల నుంచి వచ్చే జన్యువులను బట్టి ఉంటుంది. ముక్కూ రంగూ వచ్చినట్టే ఇదీ వస్తుంది. తోడికోడళ్ళు వేరు వేరు పుట్టిళ్ళవాళ్ళు గదా!

అమ్మకో నాన్నకో షుగరుంటే, సన్నగా ఉన్నా సరే, పరగడుపున నెత్తురు పరీక్ష చేయించుకోవాలి. 100 లోపు ఉంటే మంచిదే. రెండుసార్లు 126 గాని, ఆపైన గాని వస్తే షుగరే. మధ్యలో ఉంటే అన్నం తగ్గించి, పప్పూ కూరా పెంచి, రోజూ నడవాలి. అలా చేసిన చాలామందికి జబ్బు రాకుండా ఆగింది.