హైదరాబాదు జమేదారులు, అరబ్బు సుల్తానులు, ఆంగ్లేయ ప్రభుత్వము

మన పాఠశాలలో తండ్రియో, అన్నయో, మేనమామయో దుబాయి, మస్కటు, కువైటు, బహ్రెయిను మున్నగు చోట్ల పనిచేయుచుండని బాలబాలికలు తక్కువ. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మలు ప్రాంతములనుండి వచ్చువారి సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. ఒకనాడు చరిత్రపాఠము జరుగుచుండగా నొక విద్యార్థి లేచి, "అరబ్బు దేశములకును మనకును సంబంధ మెప్పుడు కలిగినదండీ?" యని యడిగెను. "వీసాలు వచ్చినప్పటినుండి" యని వెనుక వరుసనుండి జవాబు వచ్చినది. తరగతి యంతయు నవ్వినది. మేమును నవ్వితిమి. కాని యా జవాబు సరియైనది కాదు. మనవా రక్కడికి పోవుటకు నూఱేండ్లకు పైగా పూర్వమే యక్కడివారు కొలువునకై మన దేశమునకు వచ్చుచుండిరి. ఈ రాకపోకలకు నడుమ ఆంగ్లేయ ప్రభుత్వము నిలిచి, రెండు ప్రక్కల తలుపులకును తాళముచెవి తనయొద్దనే యుంచుకొనినది. ఆ కథనే యిచ్చట చెప్పబూనితిమి.

అరేబియా దక్షిణతీరమున హద్రమౌతు అను ప్రాంతము గలదు. నే డది యెమెను దేశములోనిది. వాన మిక్కిలి తక్కువ. లోతైన లోయలలో ఖర్జూరపు తోటలును, పచ్చి యిటుకలతో అంతస్తుపై అంతస్తుగా లేపిన యిండ్లును గలవు. నేల చాలినంత పండదు గనుక అక్కడి యువకులు తరతరములుగా సముద్రము దాటుచువచ్చిరి. జావా ద్వీపమునకు పోయినవారు వర్తకులైరి. హైదరాబాదునకు వచ్చినవారు సిపాయిలైరి. నిజాము ప్రభువుల క్రమబద్ధము కాని సేనలో అరబ్బుల జట్టులు ప్రత్యేకముగా నుండెడివి. ఒక్కొక్క జట్టునకు నొక జమేదారు. సర్కారు జీతము జమేదారునకు చేరును. సిపాయికి జమేదారే పంచును. కోటలకును, ఖజానాలకును వీరు కాపలా కాచెడివారు. హైదరాబాదు నగరములోని బార్కసు అను పేట వీరి సంతతివారిదే. బ్యారక్సు అను ఆంగ్లపదము నోళ్లలో నాని బార్కసయినది. పెండ్లిండ్లలో మ్రోగు మర్ఫా వాద్యమును, గోధుమలును మాంసమును కలిపి వండు హరీసును వీరి రాకతో వచ్చినవే.

ఇంతవఱకు వినుటకు సొంపుగానే యున్నది. మఱియొక ప్రక్కను గూడ చెప్పవలెను. పందొమ్మిదవ శతాబ్ది తొలిభాగమున, దివాను చందూలాలు కాలములో, నిజాము ఖజానా వట్టిపోయినది. జీతములు చెల్లించుటకు సర్కారే జమేదారులయొద్ద అప్పు చేసెను. తాకట్టుగా తాలూకాల శిస్తును వారి కప్పగించెను. సిపాయి వడ్డీవ్యాపారి యయ్యెను. వడ్డీవ్యాపారి శిస్తు వసూలుదారుడయ్యెను. బాకీ తీర్పని వానిని తమ యిండ్లలోనే నిర్బంధించిన జమేదారులు కలరు. 1853లో దివానయిన మొదటి సాలారుజంగు ఆ తాకట్టులను క్రమక్రమముగా విడిపించి, అరబ్బుల వ్యవహారములను న్యాయస్థానముల క్రిందికి తెచ్చెను. ఆయన చేసిన పనులలో నిదియే మిక్కిలి కష్టమైనదని మా యభిప్రాయము. ఏలయన అప్పిచ్చినవాని చేతనే తుపాకియు నుండెను. మన ఊళ్లలో అరబ్బులను చావూసులని పిలిచెడివారు. వాకిట చావూసు కూర్చుండినాడనిన ఆ యింటివారు అప్పులో మునిగినారని యర్థము.

ఇట్లు కూడిన సొమ్ములో కొంత తిరిగి సముద్రము దాటినది. ఉమరు బిన్ అవదు అల్ కుఐతీ అను నతడు హద్రమౌతునుండి వచ్చి హైదరాబాదులో పెద్ద జమేదారయ్యెను. (కుఐతీ యనునది వంశనామము, కువైటు దేశముతో దీనికి సంబంధము లేదు. విద్యార్థులు పొరబడకుందురు గాక.) అతడు 1865లో మరణించెను. అతని కుమారులు హైదరాబాదు ధనముతో స్వదేశమున సైన్యమును పోషించి, 1867లో షిహరు రేవును, 1881లో ముకల్లా రేవును వశపఱచుకొనిరి. వారి శత్రువులైన కథీరీ వంశమువారికిని హైదరాబాదు కొలువులో తమ జమేదారు లుండిరి. నిజాము జీతము తిను రెండు పక్షములవారు అరేబియాలో నొకరితో నొకరు పోరాడుట చిత్రముగా లేదా? ఆ జీతపు వెండి మాత్రము శిస్తు కట్టిన రైతుదే.

ఇక నాంగ్లేయుల సంగతి. వారు 1839లో ఏడెను రేవును పట్టుకొనిరి. దానిని పాలించినది లండను కాదు, బొంబాయి ప్రభుత్వము. 1869లో సూయజు కాలువ తెఱువబడగా ఇంగ్లండునుండి బొంబాయికి వచ్చు పొగయోడలన్నియు ఏడెను ముందుగనే పోవలసివచ్చినది. ఆ తీరమున నితర రాజ్యములవా రడుగిడరాదని ఆంగ్లేయుల పట్టుదల. అందుచే 1888లో కుఐతీలతో నొక సంధి చేసికొనిరి. దాని సారాంశ మిది: ఆంగ్లేయులు వారిని రక్షింతురు, వారు ఆంగ్లేయుల సమ్మతి లేక పరరాజ్యములతో నుత్తరప్రత్యుత్తరములు జరుపరాదు, భూమి నీయరాదు. నిజాము ప్రభువులతో 1798, 1800 సంవత్సరములలో జరిగిన సంధులను చదివిన విద్యార్థులకు ఈ మాటలు క్రొత్తగా తోపవు. హైదరాబాదులో నేర్చిన విద్యనే ఆంగ్లేయులు ముకల్లాలో ప్రయోగించిరి. 1902లో అవదు బిన్ ఉమరునకు సుల్తాను బిరుదమును అంగీకరించిరి.

పర్షియా సింధుశాఖ వైపునను ఇదే తీరు. 1892లో నేటి దుబాయి, అబూధాబి ప్రాంతపు షేకులతోను, బహ్రెయినుతోను, 1899లో కువైటుతోను, 1916లో కతరుతోను ఇట్టి యొడంబడికలే జరిగినవి. వీరందఱిపై విచారణకర్తయైన రెసిడెంటు బుషైరు పట్టణమున నుండి భారత ప్రభుత్వమునకు నివేదికలు పంపుచుండెను. ఆ రేవులలో చెల్లిన నాణెము మన రూపాయి; ఉత్తరములకు అంటించినవి మన తపాలాబిళ్లలు. ఉద్యోగులును ఒక్క కొలువువారే. సర్ టెరెన్సు కీస్ అను దొర మొదటి ప్రపంచయుద్ధకాలమున బహ్రెయినులో పొలిటికలు ఏజెంటు. 1930 మొదలు 1933 వఱకు హైదరాబాదులో రెసిడెంటు. నిజామునకు ఇరువదియొక్క తుపాకుల వందన మున్నను, ముత్తెపు చిప్పలపై బ్రదుకు చిన్న షేకునకు అది లేకున్నను, ఇరువురికిని సలహా చెప్పువాడు ఒక్క కార్యాలయములో తయారైనవాడే. 1926లో వైస్రాయి రెడింగు ప్రభువు నిజామునకు వ్రాసిన లేఖలో, ఆంగ్ల చక్రవర్తి యధికారముతో సమాన మనదగినది భారతదేశమున నేదియు లేదని స్పష్టముగా చెప్పెను. అంత పెద్ద ప్రభువునకే యట్టి జవాబు వచ్చినప్పుడు షేకుల మాట చెప్పనేల?

ముకల్లా సుల్తానులు మాత్రము హైదరాబాదును విడువలేదు. వారి ఆస్తులు, జమేదారీ, బంధువర్గము ఇక్కడనే. 1936లో సింహాసన మెక్కిన సాలిహు బిన్ గాలిబు తన జీవితములో పెక్కేండ్లు ఇక్కడ గడపిన పండితుడు. ఏడెనునుండి హెరాల్డు ఇంగ్రమ్సు అను దొర హద్రమౌతునకు పోయి తెగలనడుమ రక్తవైరముల నాపుటకు పాటుపడెను. 1937లో వెయ్యిమందికి పైగా తెగపెద్దలు మూడేండ్ల సంధిపై చేవ్రాళ్లు చేసిరి. ఇంగ్రమ్సు పేర వెలసిన యా శాంతిని ఆంగ్లేయులు మిక్కిలి కొనియాడిరి. ఓర్పుతో కూడిన గొప్ప పనియే; కాని మాట విననివారిపై విమానములు బాంబులు వేసిన సంగతిని గూడ చెప్పినగాని కథ పూర్తికాదు. ఆ సంవత్సరముననే సుల్తాను మఱియొక యొడంబడికపై చేవ్రాలు చేసెను: మహమ్మదీయ మతాచారములు తప్ప తక్కిన విషయములన్నిటిలో ఆంగ్లేయ సలహాదారుని సలహాను పాటింపవలెను. 1937 ఏప్రిలు 1వ తేదీన ఏడెను భారత ప్రభుత్వమునుండి వేఱుపడి లండను క్రిందికి పోయెను.

1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశమున చేరినది. నాడు నిజాము సేనాధిపతియైన అల్ ఇద్రూసు గూడ అరబ్బు సంతతివాడే. పిమ్మట అరబ్బు సిపాయిలు పెక్కుమంది నిర్బంధింపబడిరి; చాలమంది ఏడెనునకు పంపబడిరి. ఇక్కడ పుట్టి, ఉర్దూ తెలుగులు తప్ప సరిగా అరబ్బీ రానివారు గూడ వారిలో నుండిరి. పూర్వము వాకిట కూర్చుండిన చావూసు చేసిన తప్పునకు వాని మనుమడు ఓడ యెక్కుట న్యాయమని మేము తలంపజాలము. 1967లో ముకల్లా సుల్తానుల రాజ్యమును అంతరించినది.

తరువాత ప్రవాహము వెనుకకు మఱలినది. 1970ల నుండి చమురు సొమ్ముతో క్రొత్త నగరములు లేచుచుండగా కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాల రైతులును, నేతపనివారును, కూలీలును అక్కడికి పోసాగిరి. కఫీలు అను మాట మన యిండ్లలో నందఱకు తెలిసినదే. యజమాని పూచీ లేనిదే పరదేశి యుండరాదు, పని మారరాదు అను నీ పద్ధతి యెడారి తెగల పురాతన ఆతిథ్యమునుండి పుట్టినదని కొంద ఱందురు. అట్లు కాదనియు, 1920లలో బహ్రెయినులో ముత్తెములకై మునుగు పరదేశపు కూలీలను అదుపులో నుంచుటకు ఆంగ్లేయ యధికారులు కల్పించిన నిబంధనలలో దాని బీజ మున్నదనియు కొందఱు చరిత్రకారులు నిరూపించుచున్నారు. మాకు రెండవది సమంజసముగా తోచుచున్నది. ఆ కాలమున బహ్రెయినులోని పరదేశుల వ్యాజ్యములను విచారించినది ఆంగ్లేయ పొలిటికలు ఏజెంటే; వాడిన శాసనములలో పెక్కు భారతదేశమునుండి పోయినవే.

మన రూపాయి యక్కడ స్వాతంత్ర్యము తరువాతను చెల్లుచుండెను. 1959లో భారత రిజర్వు బ్యాంకు ఆ దేశములకొఱకే వేఱు రంగులతో నోట్లు అచ్చొత్తించెను. 1961లో కువైటు, 1965లో బహ్రెయిను, 1966లో దుబాయి మున్నగునవి వానిని విడిచినవి. అట్టి నోటు గాని, చావూసును చూచిన పెద్దల జ్ఞాపకములు గాని మీ యిండ్లలో నున్నచో వ్రాసి తెండు. వచ్చు సంచికలో ప్రకటింతుము.