లోడ్ పరీక్ష ఫలితాలను స్ప్రెడ్‌షీట్‌లో విశ్లేషించడం

ఒకేసారి ఎక్కువమంది వాడినప్పుడు వెబ్‌సైట్ ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి చేసేదే లోడ్ పరీక్ష. దాని ఫలితాలను స్ప్రెడ్‌షీట్‌లో ఎలా చదవాలో, సగటును మాత్రమే నమ్మితే ఎలా పొరబడతామో ఈ భాగంలో తెలుసుకుందాం.

1. దత్తాంశాన్ని సిద్ధం చేయడం

అపాచీ జేమీటర్ వంటి సాధనాలు ఫలితాలను సీఎస్‌వీ ఫైలుగా ఇస్తాయి. అందులో ఒక్కో రిక్వెస్టుకు ఒక్కో అడ్డు వరుస ఉంటుంది. మీకు ముఖ్యంగా కావలసిన నిలువు వరుసలు నాలుగు: టైమ్‌స్టాంప్, ఎలాప్స్‌డ్ (మిల్లీసెకన్లలో స్పందన కాలం), లేబుల్ (రిక్వెస్టు పేరు), సక్సెస్ (ట్రూ లేదా ఫాల్స్). ఎక్సెల్‌లో ఒక షీటుకు 10,48,576 అడ్డు వరుసలే పడతాయి. ఫైలు అంతకన్నా పెద్దదైతే మిగిలినవి షీటులోకి రావు. కాబట్టి ముందుగా వరుసల సంఖ్య సరిచూసుకోండి.

2. విఫలమైన రిక్వెస్టులను వేరుచేయడం

రెండు రిక్వెస్టులు 3,000 మిల్లీసెకన్ల చొప్పున తీసుకుని సఫలమయ్యాయనీ, మరో రెండు 100 మిల్లీసెకన్లకే విఫలమయ్యాయనీ అనుకుందాం. నాలుగింటి సగటు 1,550. సఫలమైన వాటి సగటు 3,000. అంటే, వెంటనే తిరస్కరించిన రిక్వెస్టుల వల్ల సైటు వేగంగా ఉన్నట్లు కనిపిస్తోంది! అందుకే ఫిల్టర్ ద్వారా సక్సెస్ వరుసలో ట్రూ ఉన్నవాటిని వేరే షీటులోకి తీసుకోండి. ఫాల్స్ ఎన్ని ఉన్నాయో కౌంట్‌ఇఫ్‌తో లెక్కించి, వైఫల్య శాతాన్ని విడిగా రాయండి.

3. సగటు, మధ్యగతం, శతాంశం

పది స్పందన కాలాలు చూడండి: 200, 210, 220, 230, 240, 250, 260, 270, 280, 4,840. వీటి సగటు 700. కానీ పదిమందిలో ఒక్కరికి కూడా 700 పట్టలేదు. తొమ్మిది మందికి 280 లోపే పని అయింది, ఒకరు మాత్రం దాదాపు ఐదు సెకన్లు ఎదురుచూశారు. మధ్యగతం 245 సాధారణ వినియోగదారు అనుభవాన్ని చెబుతుంది. నెమ్మదిగా అందినవారి ఇబ్బంది తెలియాలంటే 95వ శతాంశం చూడాలి. ఎక్సెల్‌లో దీనికి పర్సెంటైల్ ఫంక్షన్ ఉంది. వెయ్యి రిక్వెస్టులలో ఆ విలువ 2,000 అయితే, సుమారు 50 రిక్వెస్టులకు రెండు సెకన్లు లేదా అంతకన్నా ఎక్కువ పట్టిందని అర్థం. ఈ విలువలను ఒక్కో లేబుల్‌కు విడివిడిగా కట్టాలి. లాగిన్ పేజీనీ, చెల్లింపు పేజీనీ కలిపితే ఏది నెమ్మదిగా ఉందో తెలియదు.

4. కాలంతో పోల్చడం

టైమ్‌స్టాంప్ 1970 జనవరి 1 నుంచి గడిచిన మిల్లీసెకన్ల సంఖ్య. దానిని 8,64,00,000తో భాగించి 25,569 కలిపితే ఎక్సెల్ తేదీ, సమయం వస్తాయి. ఈ సమయం గ్రీనిచ్ కాలమానంలో ఉంటుంది. నిమిషాల వారీగా మధ్యగతాన్ని గ్రాఫ్‌గా గీయండి. వినియోగదారుల సంఖ్య పెరిగేకొద్దీ గీత ఎక్కడ ఒక్కసారిగా పైకి లేచిందో, సైటు సామర్థ్యపు హద్దును అక్కడ వెతకాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

సఫలమైన నాలుగు రిక్వెస్టుల కాలాలు 300, 310, 320, 2,070. విఫలమైన ఒకదాని కాలం 50. సఫలమైన వాటి సగటు, మధ్యగతం ఎంత? ఈ రెండింటిలో సాధారణ వినియోగదారు అనుభవానికి ఏది దగ్గర?

జవాబు: సగటు 750, మధ్యగతం 315. మధ్యగతమే దగ్గర.