గుత్తి దుర్గ దర్శనము

అనంతపురము జిల్లా ఉత్తరపుటంచునకు సమీపమున, అనంతపురమునకు ఇంచుమించు 50 కిలోమీటర్ల దూరమున, గుత్తి యను పట్టణము కలదు. హైదరాబాదునుండి బెంగుళూరునకు పోవు రహదారియు, ముంబయినుండి చెన్నైకి పోవు రైలుమార్గమును ఇచ్చటనే సాగుచున్నవి. కావున ఈ ఊరు చేరుట సులభము. కాని దారిని పోవువారిలో పలువురు దూరమునుండి ఒక బోడికొండను, దానిపై వంకరలు తిరిగిన గోడలను చూచి ముందునకు సాగిపోవుదురు. ఒక్క దినము ఆగి చూచువారికి ఆ కొండ పెక్కు సంగతులు చెప్పును. కరవుసీమలో మనుష్యుడు నీటికై యెట్లు పాటుపడెనో, నీరు తప్పినప్పుడు ఏమయ్యెనో అది కన్నులకు కట్టినట్లు చూపును.

ముందుగా ఈ పీఠభూమి స్వభావమును తెలిసికొనవలెను. నైరృతి ఋతుపవనములు పడమటి కనుమలను దాటునప్పటికే తమ నీటిలో చాల భాగమును ఆవలి వాలున కురిపించివేయును. ఈశాన్య ఋతుపవనములు తూర్పుతీరమునుండి ఇంత దూరము వచ్చునప్పటికి బలము కోల్పోవును. రెంటికిని ఎడమైన యీ నేలపై ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియును. ఆ వానయు ఒక యేడు కరుణించి, మఱియొక యేడు మొగము చాటువేయును. ఇట్టి చోట కోట కట్టువానికి రాళ్లకు కొదువ లేదు. అతడు వెదకవలసినది నీటినే.

గుత్తి చుట్టును కొండలు వలయమువలె నిలిచియున్నవి. పూర్వులు ఆ కొండలను ప్రాకారములతో కలిపి, నడుమనున్న పట్టణమునకు రక్షణ కల్పించిరి. ఆ కొండలన్నిటిలో ఉన్నతమైనది నిట్టనిలువైన రాతిగుట్ట. అది చుట్టుప్రక్కల మైదానమునకు సుమారు 300 మీటర్ల యెత్తున లేచియున్నది. పైకోట దానిపైననే కలదు. పైకి పోవుటకు మెలికలు తిరుగుచు ఒక దారి యున్నది. ఆ దారిలో ఒకదాని వెనుక ఒకటిగా పెక్కు ద్వారములు ఎదురగును. ఒక ద్వారము దాటిన శత్రువు వెంటనే మలుపు తిరిగి, పైబురుజుల నుండి పడు గుండ్లకు గురి కావలసియుండును. ఈ యేర్పాటును గమనించుచు ఎక్కినచో, ఎక్కుటలోని శ్రమ తెలియదు.

కొండపై శిలాశాసనములును కలవు. కల్యాణి చాళుక్యరాజగు ఆఱవ విక్రమాదిత్యుని కాలపు శాసనములు వానిలో ఎన్నదగినవి. విజయనగర రాజగు బుక్కరాయల నాటి శాసనమొకటి యీ కోటను దుర్గములలో రాజని కొనియాడుచున్నది. శిఖరము చేరిన పిమ్మట పాడుపడిన ధాన్యపు కొట్లను, మందుగుండు సామగ్రి దాచిన గదులను చూడవచ్చును. లోయ అంచున, నున్నని సున్నపు పూతతో, చిన్న మండపమొకటి యున్నది. దానిని మురారిరావు గద్దె యందురు. మురారిరావు అచ్చట కూర్చుండి చదరంగ మాడెడివాడని జనులు చెప్పుకొందురు. అచ్చట నిలిచి చూచినచో ఎఱ్ఱని చేలును, నల్లని గుండ్లును, క్రింది పట్టణమును ఒక్క చూపునకే కానవచ్చును.

అయినను ఈ కోటలో మిక్కిలి శ్రద్ధతో చూడదగినవి మండపములు కావు, నీటి తావులు. రాతిపై పడిన వాన నేలలో ఇంకదు, జారి పల్లమునకు పోవును. అట్లు జారు నీటిని రాతి పగుళ్లలోనికిని, తొలిచిన గుంటలలోనికిని మళ్లించి నిలువచేసిరి. కొండలపై నుండు ఇట్టి గుంటలను దొనలందురు. వెడల్పై లోతు తక్కువైన మడుగులోని నీటిని ఎండ త్వరగా పీల్చివేయును. ఇరుకై లోతైన దొనలోని నీరు రాతినీడను దాగి చాలకాలము నిలుచును. వానలకు ముందు పూడిక తీసి, కాలువలలోని ఆకులలములను తొలగించినగాని దొన నిండదు. కోటలోని జనులు బ్రదుకుట గోడల దృఢత్వముకంటె ఈ చిన్న పనులమీదనే ఎక్కువగా ఆధారపడియుండెను.

ఈ మాట 1776లో ఋజువయ్యెను. మురారిరావు ఘోర్పడే వంశమునకు చెందిన మరాఠా వీరుడు. 1751లో ఆర్కాటు ముట్టడి నాడు క్లైవునకు తోడ్పడ బయలుదేరిన సేనాని యితడే. ఇతని బలమునకు గుత్తి పట్టుకొమ్మ. మైసూరునేలిన హైదరాలీ పెద్ద సైన్యముతో వచ్చి గుత్తిని చుట్టుముట్టెను. క్రిందికోట శత్రువుల వశమయ్యెను. పైకోట మాత్రము లొంగలేదు. ఫిరంగులు ఆ గుట్టను ఏమియు చేయజాలకుండెను. కాని దినములు గడచిన కొలది దొనలు అడుగంటెను. మురారిరావు సంధికి సిద్ధపడెను. మాట స్థిరపడువఱకు హామీగా ఒక యువకుని హైదరు శిబిరమునకు పంపవలసివచ్చెను. శిబిరములో ఆ యువకునికి మద్యము పోసి మాటలలో దింపగా, కోటలో మూడు దినములకు సరిపడు నీరే మిగిలినదని అతడు నోరు జాఱెనట. మైసూరు చరిత్ర వ్రాసిన మార్కు విల్క్సు ఈ వృత్తాంతమును చెప్పియున్నాడు. రహస్యము తెలిసిన హైదరు సంధి మాట విడిచి, మరల ముట్టడి సాగించెను. దప్పికకు తాళలేక కోట లొంగిపోయెను. మురారిరావు బందీగా కబ్బాలదుర్గమున కన్నుమూసెను. ఫిరంగులకు లొంగని కోటను దప్పిక లొంగదీసినది.

కొండ దిగిన పిమ్మట పాదమునందలి పాత శ్మశానవాటికను చూడవలెను. నైజాము 1800లో ఈ ప్రాంతమును ఇంగ్లీషు కంపెనీకి దత్తము చేసెను. అప్పటినుండి 1807 వఱకు ఇచ్చట ప్రధాన కలెక్టరుగా నుండినవాడు థామస్ మన్రో. అతడు పొలము పొలమును కొలిపించి, రైతుతో నేరుగా శిస్తు నిర్ణయించు పద్ధతిని నెలకొల్పెను. శిస్తు భారమైనదని గ్రహించి దానిని తగ్గింపవలెనని 1807లో పైవారికి వ్రాసెను. బావి నీటితో సాగగు తోట భూములకు ఇంకను ఎక్కువ తగ్గింపును కోరెను. నీరు తోడుటలోని కష్టము అతడెఱిగినదే. 1827 జూలై 6న, మద్రాసు గవర్నరుగా పర్యటించుచు, పత్తికొండలో విషూచికి లోనై మరణించెను. అతని దేహమును గుత్తిలో ఖననము చేసిరి. కొన్నియేండ్ల తరువాత అస్థికలను మద్రాసునకు తరలించిరి. అతని జ్ఞాపకార్థము గుత్తిలో సత్రమును, పత్తికొండలో తోపును, బావిని ఏర్పఱచిరి. ఎండలో నడచు బాటసారికి నీడను నీటిని మించిన స్మారకచిహ్నము వేఱొకటి యేమి కలదు?

సమయమున్నవారు గుత్తికి కొలది దూరముననే, కర్నూలు జిల్లాలోనున్న ఎఱ్ఱగుడిని తప్పక చూడవలెను. అచ్చటి గుట్టపైనున్న బండలమీద అశోక చక్రవర్తి ధర్మశాసనములు బ్రాహ్మీలిపిలో చెక్కబడియున్నవి. కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి ఎడమకును వ్రాయబడుట అచ్చటి వింత. మనుష్యులకును పశువులకును ఉపయోగపడునట్లు దారుల ప్రక్క బావులు త్రవ్వించి చెట్లు నాటించితినని ఆ చక్రవర్తి వానిలో ఒకదానియందు చెప్పుకొనెను. క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దినాటి ఆ మాట ఈ వేడినేలపై నిలిచి చదువువారికి నేటి మాటవలెనే తోచును.

గుత్తి చూడబోవువారు కొన్ని జాగ్రత్తలు పాటింపవలెను. మార్చినుండి మే వఱకు రాయి నిప్పువలె కాలును గాన నవంబరు మొదలు ఫిబ్రవరి వఱకు పోవుట మేలు. తెల్లవాఱగనే ఎక్కుట ప్రారంభింపవలెను. త్రాగునీరు వెంట తీసికొనిపోవలెను. లోయ అంచులకును దొనల అంచులకును మిక్కిలి చేరువగా పోరాదు. గోడలమీద పేర్లు గీయుటయు, దొనలలో చెత్త వేయుటయు తగని పనులు. ఈ కోట పురావస్తుశాఖ రక్షణలోనున్న జాతిసంపద.

ఇప్పుడు గుత్తిని ముట్టడించు సైన్యము లేదు. అయినను అనావృష్టి యను శత్రువు ఈ సీమను విడువలేదు. ప్రతి గ్రామమును ఒక కోటయే, ఊరి చెరువే దాని దొన. పూడిక తీయని చెరువు, కాలువ మూసికొనిపోయిన కుంట శత్రువునకు తెఱచియుంచిన ద్వారములవంటివి. గుత్తి కొండ దిగివచ్చు బాలబాలికలు తమ ఊరి చెరువుకట్టను ఒకమాఱు నడిచి చూచినచో, ఆ ప్రయాణము సఫలమైనట్లే.