బీరువాలోని క్యాసెట్లను బ్రతికించుకుందాం

మీ బీరువా పై అరలో పాత వీడియో క్యాసెట్లున్నాయా? మీ వివాహము, పిల్లల మొదటి పుట్టినరోజు, ఇప్పుడు మన మధ్య లేని నాన్నమ్మగారి మాటలు వాటిలో ఉండవచ్చు. ఫొటోలో ముఖం దొరుకుతుంది గాని గొంతు దొరకదు. అయితే టేపు ఏటేటా బలహీనపడుతుంది. దానిని ఆడించే యంత్రాలూ కరువవుతున్నాయి. చివరి వరకు వి.సి.ఆర్.లు తయారుచేసిన జపాను సంస్థ ఫునాయ్ కూడా 2016లో ఆ పని మానుకుంది. కనుక ఈ పనిని వాయిదా వేయకండి.

డబ్బు దేనికి పెట్టాలి?

చాలామంది ముందుగా సాఫ్ట్‌వేర్ గురించి అడుగుతారు. కాని ముఖ్యమైనది వి.సి.ఆర్. అది సరిగా చదవని బొమ్మను ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. పాతదే అయినా, మెకానిక్ చేత హెడ్ శుభ్రం చేయించిన మంచి యంత్రాన్ని సంపాదించండి. మన దేశపు క్యాసెట్లు పాల్ పద్ధతివి. అమెరికాలోని బంధువులు పంపినవైతే ఎన్.టి.ఎస్.సి. పద్ధతివి కావచ్చు, రెండూ ఆడించగల యంత్రమైతే మేలు.

తర్వాత కావలసినది వీడియో క్యాప్చర్ పరికరం. వి.సి.ఆర్. నుండి వచ్చే పసుపు, తెలుపు, ఎరుపు వైర్లు దీనికి తగిలించి, దీనిని కంప్యూటర్ యు.ఎస్.బి.లో పెట్టాలి. పసుపు వైరు బొమ్మకు, మిగిలిన రెండూ శబ్దానికి. కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డిస్కు పెట్టే చోటు లేదు కనుక, బయట తగిలించే డి.వి.డి. రైటర్ కూడా అవసరం.

సాఫ్ట్‌వేర్ ఉచితమే

రికార్డింగుకు ఓ.బి.ఎస్. స్టూడియో, డి.వి.డి. తయారీకి డి.వి.డి. స్టైలర్ చాలు. రెండూ ఉచితం. వీడియో ఫైలును ఊరికే డిస్కులోకి కాపీ చేస్తే పాత డి.వి.డి. ప్లేయర్లలో చాలావరకు ఆడదు. స్టైలర్ దానిని ప్లేయర్ చదవగల రూపంలోకి మార్చి, మెనూ కూడా కూరుస్తుంది.

జాగ్రత్తలు

టేపు మీద తెల్లని బూజు కనిపిస్తే వి.సి.ఆర్.లో పెట్టకండి. బూజు హెడ్‌కు అంటుకుని తర్వాతి క్యాసెట్లనూ పాడుచేస్తుంది. అటువంటిది తెలిసినవారికే అప్పగించండి. మంచి క్యాసెట్‌నైనా మొదట చివరిదాకా తిప్పి, మళ్లీ వెనక్కు తిప్పిన తర్వాతే రికార్డు చేయండి. మూడు గంటల క్యాసెట్‌కు మూడు గంటలూ పడుతుంది. తొందరపడి లాభం లేదు.

సాధారణ డి.వి.డి.లో 4.7 గిగాబైట్లు పడతాయి. అందులో గంట నుండి రెండు గంటల వరకే బొమ్మ బాగుంటుంది. మూడు గంటల పెళ్లిని రెండు డిస్కులుగా చేయండి. డిస్కు మీద కాగితం అంటించక, డిస్కుల కోసం అమ్మే మార్కర్ పెన్నుతో పేరు, సంవత్సరం వ్రాయండి.

డి.వి.డి. కూడా శాశ్వతం కాదని మరువకండి. అసలు ఫైలును హార్డ్ డిస్కులో దాచి, మరొక ప్రతిని వేరే ఊరిలోని అన్నగారికో చెల్లెలికో ఇవ్వండి. ఒక ఇంట్లో పోయినా మరొక ఇంట్లో ఉంటుంది. ఈ సెలవుల్లో ఒక్క క్యాసెట్‌తో మొదలుపెట్టండి. పెద్దలను ప్రక్కన కూర్చోబెట్టుకుని, తెరమీద కనిపించేవారి పేర్లు అడిగి వ్రాసుకోండి. ఆ పేర్లు చెప్పగలవారు ఇంకా మన మధ్య ఉన్నప్పుడే ఆ పని జరగాలి.